పిల్లల అదృష్టం గురించి మీరడిగినవి

పిల్లలకు 'కలిసి రావడం' గురించి వచ్చిన ఉత్తరాల్లోంచి ఏడింటికి ఈసారి జవాబులిస్తున్నాం. లాటరీ తగలడం, పరీక్ష రోజునే జ్వరం రావడం ఎవరి చేతుల్లోనూ లేవు. పిల్లలకు ఎన్ని అవకాశాలు ఎదురుపడతాయి, ఎదురుపడ్డవాటిని గుర్తుపడతారా, నోరు తెరిచి అడుగుతారా, ఒకసారి చేజారితే మళ్లీ ప్రయత్నిస్తారా అన్నవి మాత్రం చాలావరకు ఇంట్లో పడే అలవాట్లే. మేం చెప్పేదంతా వాటి గురించే.

మా అమ్మాయి ఏడో తరగతి. స్కూల్ డే పాటకు ఎంపిక కాలేదు. రెండు మార్కుల తేడాతో ఫస్ట్ ర్యాంకు పోయింది. ఏం జరిగినా 'నాకు లక్కు లేదమ్మా' అంటోంది. అలా అనకూడదంటే ఏడుస్తోంది. ఏం చేయాలి?
– ఓ తల్లి, కరీంనగర్

'అలా అనకు' అంటే పిల్ల మీ ముందు అనడం మానేస్తుంది, లోపల నమ్మడం మానదు. ఏడ్చిన రోజున ఏమీ విడమరిచి చెప్పకండి. 'బాధగానే ఉంటుందమ్మా, ఈసారి కలిసి రాలేదు' అని ఊరుకోండి. 'ఈసారి' అన్న మాట తప్పకుండా రావాలి. నష్టం ఆ ఒక్క సందర్భానిదే తప్ప తన జాతకానిది కాదని పిల్లకు అందాలి.

ఆ వచ్చే ఆదివారం పది నిమిషాలు కూర్చోండి. నోటుపుస్తకంలో ఒక పేజీకి నిలువుగా గీత గీయించండి. ఎడమవైపు 'నా చేతిలో ఉన్నవి', కుడివైపు 'నా చేతిలో లేనివి'. పాట సంగతే తీసుకుంటే, ఎంతమంది పోటీకి వచ్చారు, టీచరుగారు ఎలాంటి పాట కోరుకున్నారు, ఆ రోజు జలుబు చేసింది అన్నవి కుడివైపు వస్తాయి. తన గొంతుకు సరిపోయే పాట ఎంచుకోవడం, ముందురోజు ఇద్దరు ముగ్గురి ముందు పాడి చూసుకోవడం, పేరు ముందుగా ఇవ్వడం ఎడమవైపు. ఒక్కో వైపు మూడుకు మించకూడదు. పెన్ను పిల్ల చేతిలోనే ఉండాలి. చివర్లో ఎడమవైపు నుంచి ఒకే ఒక్కటి ఎంచుకుని, ఎప్పటిలోగా చేస్తుందో తేదీ వేయించండి.

ఇది చెడేది రెండు చోట్ల. పెద్దవాళ్లు ఉత్సాహంగా ఎడమవైపే నింపించేస్తారు. 'నువ్వు ఇంకా కష్టపడాల్సింది' అన్న పాత పాటే మళ్లీ వినిపించి, జలుబు చేసిన తప్పు కూడా తనదేనని పిల్ల అనుకుంటుంది. కుడివైపు ఖాళీగా ఉంటే ఆ పేజీ నిజం చెప్పనట్టే. రెండోది, ఓడినప్పుడే ఈ పుస్తకం తీస్తారు. గెలిచినప్పుడు కూడా రాయించండి. క్విజ్‌లో ప్రైజు వచ్చిందనుకోండి, తెలిసిన ప్రశ్న రావడం కుడివైపు, ఆ పాఠం రెండుసార్లు చదివి ఉండడం ఎడమవైపు. గెలుపులో కలిసొచ్చినదాన్ని గుర్తించిన పిల్లే ఓటమిలో కలిసిరానిదాన్ని తట్టుకుంటుంది. ఏడెనిమిది వారాలయ్యాక పాత పేజీలు తిప్పి చూడమనండి. మార్చుకోగలిగినవి తనకే కనపడతాయి.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జూలియన్ రోటర్ 1966లో ప్రచురించిన పరిశోధన ఈ గీత గురించే అనుకోవచ్చు. జరిగేవాటికి కారణం తన చేతల్లో ఉందనుకునేవారు, బయటి శక్తుల్లో ఉందనుకునేవారు అని ఆయన మనుషుల తీరును కొలిచే పద్ధతి చూపించారు. అంతా బయటే ఉందనుకుంటే పిల్లలు ప్రయత్నం మానేస్తారు. అంతా తమలోనే ఉందనుకుంటే కుంగిపోతారు. రెండు వరసలూ అందుకే.

మా బాబు పుట్టిన ఏడాదే మావారి వ్యాపారం దెబ్బతింది. 'వీడి కాలు మంచిది కాదు' అని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. వాడికి ఎనిమిదేళ్లు, అన్నీ అర్థమవుతున్నాయి. పెళ్లికి వెళ్తే 'నేను ముందు లోపలికి రానమ్మా' అంటున్నాడు.
– ఓ కోడలు, తెనాలి

మాకు వచ్చిన ఉత్తరాలన్నిటిలో వెంటనే పట్టించుకోవాల్సింది మీదే. ఇలాంటి మాట విన్న పిల్లలు ఏ పనికీ ముందుకు రారు. చీటీ తీయమంటే పక్కవాడిని తీయమంటారు, రిజల్టు ఇంకొకరిని చూడమంటారు, ఆటలో టాస్ వేయరు. ప్రయత్నాలు తగ్గితే మంచి ఫలితాలూ తగ్గుతాయి. అది చూసి 'చెప్పలేదూ' అంటారు పెద్దలు. ఆ మాటే ఆ ఫలితాన్ని తెచ్చిందని ఎవరికీ తట్టదు.

అత్తగారితో మాట్లాడాల్సింది మీరు కాదు, మీవారు. పిల్లాడు ఇంట్లో లేని సమయం చూసి చెప్పాలి. వాదన వద్దు. వ్యాపారం దెబ్బతినడానికి అసలు కారణం అంకెలతో చెబితే చాలు. 'అమ్మా, ఆ ఏడాది ఇంత అప్పు, ఇంత వడ్డీ, రావాల్సిన బాకీ ఇంత ఆగిపోయింది. దెబ్బ అక్కడ తగిలింది. వాడి ముందు ఆ మాట ఇంకెప్పుడూ అనొద్దు.' అత్తగారికి కూడా ఆ నష్టం పెద్ద దెబ్బే అయి ఉంటుంది. కారణం తెలియని బాధ ఎవరో ఒకరి మీద పడుతుంది, ఇంట్లో అందరికన్నా చిన్నవాడి మీద పడింది. అసలు కారణం ఆవిడకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు.

ఆ తర్వాత కూడా నోరు జారితే అక్కడికక్కడే, పిల్లాడు వింటుండగానే, గొంతు పెంచకుండా 'అది అప్పు వల్ల జరిగింది అత్తయ్యా, వీడి వల్ల కాదు' అనండి. పోట్లాట జరిగితే దానికీ తానే కారణమనుకుంటాడు కనుక అంతకు మించి వద్దు. బాబుకు విడిగా ఒకసారి చెప్పండి: 'నువ్వు పుట్టకముందే నాన్న అప్పు తీసుకున్నాడు. తిరిగి రావాల్సిన డబ్బు రాలేదు. దానికీ నీకూ సంబంధం లేదు.' ఎనిమిదేళ్లవాడికి ఇంత చాలు.

ఇంట్లో మొదలుపెట్టే పనులు కొన్ని వాడికి అప్పగించండి. కొత్త బియ్యం బస్తా కుట్టు విప్పడం, కొత్త క్యాలెండరు తగిలించడం, ఉగాది పచ్చడి అందరికీ పంచడం. పని అయ్యాక 'చూశావా, నీ చెయ్యి ఎంత మంచిదో' అనకండి. నోటి చివరికి వచ్చేస్తుంది కానీ అదీ ముద్రే. 'మా పాప పుట్టాకే లక్ష్మి వచ్చింది' అని మురిసిపోయే ఇళ్లలో, నష్టం వచ్చిన రోజున ఆ పాప ఏమనుకుంటుందో ఒక్కసారి ఊహించండి. పిల్లల చెయ్యి, కాలు మంచివీ కావు, చెడ్డవీ కావు. బస్తా విప్పాడు, 'గింజ కింద పడకుండా విప్పావు' అనండి, చాలు.

మా మనవడు పదో తరగతి. ఒకే పెన్నుతో అన్ని పరీక్షలూ రాస్తానంటాడు, అది లక్కీ పెన్నట. అలా నమ్మనివ్వొచ్చా?
– ఓ తాతయ్య, విజయవాడ

నమ్మనివ్వండి, కానీ దాని మీదే ఆధారపడనివ్వకండి. లక్కీ బంతి అని చెప్పి ఇస్తే గోల్ఫ్ ఆటలో బాగా ఆడారని 2010లో జర్మనీ పరిశోధకులు రాశారు. 2014లో వేరేవాళ్లు ఇంకా ఎక్కువమందితో అదే ప్రయోగం చేస్తే ఆ తేడా కనిపించలేదు. అంటే పెన్ను వల్ల మార్కులు పెరుగుతాయనుకోలేం. అది పోతే కంగారు మాత్రం పెరుగుతుంది, ఇబ్బంది అక్కడే.

నెల ముందు నుంచి ఒకే రకం, ఒకే రంగు పెన్నులు మూడు కొనిచ్చి, మోడల్ పరీక్షలు వాటిని మార్చి మార్చి రాయించండి. చెయ్యి మూడింటికీ అలవాటు పడుతుంది. నమ్మకాన్ని వస్తువు మీద నుంచి పని మీదకు మళ్లించండి. ముందురోజు రాత్రి హాల్ టికెట్టు, పెన్నులు, పెన్సిలు, స్కేలు, నీళ్ల సీసా తనే వరసగా సర్దుకోవాలి. హాల్లో కూర్చున్నాక నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి, ఇలా ఐదుసార్లు. ఆపైన ప్రశ్నపత్రం మొత్తం చదివాకే రాయడం మొదలుపెట్టాలి. ఇవి పోగొట్టుకునే వస్తువులు కావు.

పిల్లి ఎదురొస్తే కాసేపు ఆగి మంచినీళ్లు తాగి వెళ్లడం మీ ఇంటి ఆనవాయితీ అయితే ఆగండి. అందుకు వీలుగా పరీక్ష రోజున అరగంట ముందే బయల్దేరండి. పిల్లలకు చేటు చేసేది పిల్లి కాదు, ఆఖరి నిమిషపు పరుగు.

మా అబ్బాయికి పదమూడేళ్లు. ఇంట్లో గలగలా మాట్లాడతాడు, బయట నోరు విప్పడు. వాడి ఈడు పిల్లలకు వచ్చే అవకాశాలు వాడిదాకా రావట్లేదు.
– ఓ తండ్రి, హైదరాబాద్

మీ అనుమానం నిజమే, అవకాశం చాలాసార్లు మనుషుల ద్వారానే వస్తుంది. అదీ దగ్గరివాళ్ల ద్వారా కాదు. మార్క్ గ్రానోవెటర్ అనే సమాజ శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన వ్యాసంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగాలు దొరికినవాళ్లను పరిశీలించారు. ఆరుగురిలో ఒక్కరికి మాత్రమే ఆ కబురు తరచూ కలిసే మనిషి నుంచి వచ్చింది. మిగతావాళ్లకు అప్పుడప్పుడూ, ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్లే చెప్పారు. ఇంట్లోవాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది కదా. కొత్త కబురు పక్క వీధి నుంచే రావాలి.

అలాగని 'అంకుల్‌కి ఒక పద్యం చెప్పు' అని నలుగురి ముందు నిలబెట్టకండి. బిడియం ఉన్న పిల్లలను అది ఇంకా లోపలికి నెడుతుంది. పని ఉన్న మాటలతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఏం మాట్లాడాలో ముందే తెలిసి ఉంటుంది. మొదటి రెండు వారాలు కిరాణా కొట్లో సరుకు పేరు, ధర అడిగి చిల్లర లెక్కచూసుకుని తేవడం. మీరు వాకిట్లో నిలబడండి, కొట్టు లోపలికి వెళ్లొద్దు. తర్వాత గ్రంథాలయంలో 'ఖగోళం మీద తెలుగు పుస్తకాలు ఏ బీరువాలో ఉంటాయండీ?' లాంటి ఒక ప్రశ్న. తర్వాత సైన్సు మాస్టారిని క్లాసు అయ్యాక ఒక సందేహం అడగడం. ప్రశ్నను ఇంట్లో ఒకసారి బిగ్గరగా అనిపించి పంపండి. వారానికి రెండు చాలు. ఒక మెట్టు దగ్గర మొరాయిస్తే వెనక్కి వచ్చి పాతదే ఇంకో వారం చేయించండి.

'లేదు', 'కుదరదు' అని కూడా వింటాడు. అలా విని వచ్చిన రోజున వాడు తిరిగొచ్చాక మీరు అడగాల్సింది 'ఏమన్నారు?' అని కాదు, 'అడిగావా?' అని. అడిగితే పని అయినట్టే లెక్క. సాయం చేసినవాళ్లకు తర్వాత కనపడి 'ఆ పుస్తకం చదివానండీ, బాగుంది' అని చెప్పించడం మరవకండి. మళ్లీ ఏదైనా మంచి విషయం తెలిసినప్పుడు వాళ్లకు మీవాడు గుర్తొచ్చేది ఆ మాట వల్లే.

పక్కింటి పాపకు ఎనిమిదో తరగతిలో స్కాలర్‌షిప్ వచ్చింది. మా పాపా అదే సర్కారు బడి, మార్కులూ బాగా వస్తాయి. మాకు తెలిసేసరికి గడువు అయిపోయింది. వాళ్ల అదృష్టం అనుకుని ఊరుకున్నాం.
– ఓ తల్లి, శ్రీకాకుళం

అది అదృష్టం కాదమ్మా, నోటీసు. రిచర్డ్ వైజ్‌మన్ అనే బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త, తమకు అదృష్టం ఉందనుకునేవాళ్లకూ లేదనుకునేవాళ్లకూ ఒక పత్రిక ఇచ్చి అందులో ఫొటోలెన్నో లెక్కపెట్టమన్నారు. రెండో పేజీలో సగం పేజీ నిండా పెద్ద అక్షరాలతో 'లెక్క ఆపండి, ఇందులో 43 ఫొటోలున్నాయి' అని రాసి ఉంది. అదృష్టం లేదనుకునేవాళ్లలో చాలామంది అది చూడకుండానే పేజీ తిప్పేశారు. ఆత్రంగా ఒక్కదాన్నే వెతికే కళ్లకు పక్కనున్నది కనపడదు. రోజూ బడి నుంచి రాగానే 'మార్కులెన్ని?' అని మాత్రమే అడిగితే పిల్లలకూ అదొక్కటే కనపడుతుంది. 'ఈ రోజు నోటీసు బోర్డు మీద ఏముంది?' అని వారానికి ఒకసారైనా అడగండి. శనివారం అని పెట్టుకుంటే గుర్తుంటుంది.

మీరు చెబుతున్నది నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ అయి ఉంటుంది. సర్కారు, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో ఎనిమిదో తరగతి చదువుతూ, ఏడులో 55 శాతం మార్కులు వచ్చి, తల్లిదండ్రుల ఏడాది ఆదాయం 3.5 లక్షల రూపాయలు దాటని పిల్లలు దీని పరీక్ష రాయొచ్చు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, ప్రభుత్వ గురుకులాల పిల్లలకు ఇది వర్తించదు. పరీక్షలో మానసిక సామర్థ్యం మీద 90 ప్రశ్నలు, పాఠ్యాంశాల మీద 90 ప్రశ్నలు, ఒక్కోదానికి 90 నిమిషాలు. మొదటి భాగం బడి పుస్తకాల్లో ఉండదు. అంకెల వరసలు, బొమ్మల పోలికలు, కోడింగ్ (అక్షరాలకు బదులు వేరే గుర్తులు వాడే ప్రశ్నలు) వంటివి రోజుకు పదిహేను చొప్పున మూడు నెలలు చేస్తేనే వేగం వస్తుంది. మార్కులు బాగా వచ్చే పిల్లలు కూడా తప్పేది ఇక్కడే.

దరఖాస్తు బడి ద్వారా వెళ్లాలి కాబట్టి బడులు తెరిచిన నెలలోనే హెడ్మాస్టరు గారిని అడిగి పెట్టుకోవాలి. చాలా దరఖాస్తులు కాగితాల దగ్గరే ఆగిపోతాయి. బడి రికార్డులో 'వెంకట సాయి', ఆధార్‌లో 'వి. సాయి' అని ఉంటే మొదట అది సరిచేయించాలి. పాప పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్‌తో కలపాలి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు మీ సచివాలయంలో (తెలంగాణలో అయితే మీసేవలో) ముందే తీసుకుని, ఒక్కోదానికి మూడు నకళ్లు ఒక ఫైల్లో ఉంచండి. ఫైలు ఎక్కడుందో పాపకూ తెలియాలి. ఇంట్లో చిన్నవాళ్లుంటే ఇప్పుడే గుర్తుపెట్టుకోండి: నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష ఐదో తరగతిలో ఉండగా రాయాలి, రెండోసారి రానివ్వరు. కేంద్ర ప్రభుత్వ సైన్సు పథకం ఇన్‌స్పైర్ మానక్‌కు ఆరో తరగతి నుంచే బడి ద్వారా పిల్లల సొంత ఆలోచనలు పంపొచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు.

మా చెల్లెలి కొడుక్కి పదిహేనేళ్లు. ఫోన్లో బెట్టింగ్ ఆడి మొదట రెండు వేలు గెలిచాడు. 'నాకు లక్కుంది పెద్దమ్మా' అంటూ ఇంట్లో డబ్బులు తీశాడు.
– ఓ పెద్దమ్మ, వరంగల్

ముందు ఫోన్‌లోని చెల్లింపు యాప్‌లు, దాచిన కార్డుల వివరాలు తీసేయించండి. బాకీలు ఎవరికున్నాయో తిట్టకుండా అడిగి రాయించండి. తిడితే సగమే చెబుతాడు, మిగతా సగం వడ్డీకి పోతుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా నిషేధించింది. ఖాతా నుంచి మోసంగా డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. నిద్ర పోకపోవడం, చనిపోతానన్న మాటలు ఉంటే ఆలస్యం చేయకుండా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

'లక్కుంది' అన్న నమ్మకాన్ని ఉపన్యాసంతో తీయలేం, ఆడించి చూపాలి. నాణెం 100 సార్లు ఎగరేస్తే బొమ్మా బొరుసూ ఏ వరసలో పడతాయో ముందు ఊహించి రాయమనండి. తర్వాత నిజంగా 100 సార్లు ఎగరేసి రాయాలి. ఊహించిన వరసలో ఒకేవైపు మూడు నాలుగు సార్లకు మించి రాయడు. నిజం వరసలో ఐదుసార్లు ఒకేవైపు పడడం దాదాపు ఖాయం, ఆరుసార్లు పడడం ఐదు ఆటల్లో నాలుగింట జరుగుతుంది. వాడు 'లక్కు' అనుకున్న వరస గెలుపులు నాణేనికి కూడా వస్తున్నాయని తన చేత్తో రాసుకుంటాడు.

తర్వాత చింతపిక్కలతో పందెం. ఆటకు ఒక పిక్క కట్టాలి, పాచికలో ఆరు పడితే ఐదు పిక్కలు ఇవ్వాలి. 60 సార్లు ఆడితే 60 పిక్కలు పోయి, సగటున 50 తిరిగొస్తాయి. మీరు యాప్ యజమాని, వాడు ఆటగాడు. మధ్యలో వాడు ముందుండొచ్చు, ఎగరొచ్చు. ఆపకండి, ఇంకో 60 ఆడించండి. తర్వాత పాత్రలు మార్చుకోండి. యజమాని కుర్చీలో కూర్చుంటే ఏ లక్కూ లేకుండా పిక్కలు ఎలా చేరతాయో కనపడుతుంది. మొదట గెలిచిన రెండు వేలు కూడా వాడి లెక్కల పుస్తకంలో పోయిన మొత్తం పక్కనే రాయించండి.

అన్నీ మా పాప అదృష్టమే అని పొగిడితే తనలో నమ్మకం పెరగదా? ఏ వయసు నుంచి ఇవన్నీ మొదలుపెట్టాలి?
– ఓ తల్లి, న్యూజెర్సీ

పెరగదండీ. మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, బొమ్మల పజిళ్లు చేసిన ఐదో తరగతి పిల్లల్లో కొందరిని 'తెలివైనదానివి' అని, కొందరిని 'బాగా శ్రమపడ్డావు' అని మెచ్చుకున్నారు. ఆ తర్వాత కష్టమైనవి ఇస్తే, తెలివిని పొగిడించుకున్నవాళ్లు త్వరగా నీరసపడ్డారు, తర్వాత ఇచ్చిన తేలికవాటిలోనూ వెనకబడ్డారు. తెలివిలాగే అదృష్టం కూడా పాప మార్చుకోగలిగింది కాదు. చేసినదాన్ని పేరు పెట్టి మెచ్చుకోండి: 'తెలియకపోతే వెళ్లి అడిగావు', 'రెండోసారి వేరేలా ప్రయత్నించావు'.

ప్రయత్నాల సంఖ్య గురించి పదేళ్లు దాటిన పిల్లలకు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చెప్పొచ్చు. భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. తర్వాత అమెరికాలో లెడర్లే అనే మందుల కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనలో ఎన్నో చోట్ల నుంచి మట్టి నమూనాలు తెప్పించి పరీక్షించారు. మిస్సోరి నుంచి వచ్చిన ఒక నమూనాలో అక్కడి శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌కు ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది. 1948లో ఆ మందు బయటికొచ్చింది. ఒకే ఊరి మట్టి చూసి ఆపేసి ఉంటే అది దొరికేది కాదు.

వయసు సంగతికొస్తే, నాలుగేళ్లకు 'దారిలో ఈ రోజు కొత్తగా ఏం చూశావు?' అని అడగడం చాలు. ఆరేడేళ్లకు కొట్లో అడిగి తేవడం, పదేళ్లకు గీత గీసిన నోటుపుస్తకం. మీ దగ్గర పిల్లలు ఒంటరిగా కొట్టుకు వెళ్లే వీలుండదు కాబట్టి, గ్రంథాలయం కౌంటరులో పుస్తకం అడగడం, హోటల్లో తమ ఆర్డరు తామే చెప్పుకోవడం అప్పగించండి. తెలుగు సంఘం వేడుకల్లో స్టాలు దగ్గర కూర్చోబెడితే కొత్తవాళ్లతో మాట్లాడడం దానంతటదే వస్తుంది.